పాత కారు – రేడియేటరు గొట్టములు

నర్సీపట్నము నుండి లంబసింగి మీదుగా చింతపల్లి ఘాట్ రోడ్డు ఎక్కు పాత అంబాసిడరు కారునకు ఇంజను బలమొక్కటే చాలదు. రెండు రబ్బరు గొట్టములు కూడ గట్టిగా నుండవలెను. ఆ కారు తయారీ 2014లో నిలిచిపోయినది గనుక ఉన్నవాటిని కాపాడుకొనుటయే మార్గము.

పై గొట్టము ఇంజనులో కాగిన నీటిని రేడియేటరునకు చేర్చును. క్రింది గొట్టము చల్లబడిన నీటిని పంపునకు అందించును. కంటికి కానరాదు గనుక దీనిని మరచువారే ఎక్కువ. రబ్బరు తరచు లోపలి నుండియే చెడును. కావున పైమెరుగును మేము నమ్మము. ఇంజను చల్లారిన పిదప క్లిప్పుల దగ్గర వ్రేళ్లతో నొక్కి చూచెదము. మెత్తబడినను, ఉబ్బినను, పెళుసుబారినను మార్చవలసినదే. వేడిమీద మూత తీసినచో మరుగు నీరు ముఖముపైకి చిమ్మును.

పాత గొట్టమును మెలిపెట్టి లాగినచో రేడియేటరు మెడ అతుకు ఊడును. నీరు దింపి, నిలువుగా కోసి తీయుట మేలు. క్రొత్తది తొడిగి బిగించి, ఇంజను ఒకసారి వేడెక్కి చల్లారిన తరువాత క్లిప్పులను మరల బిగించవలెను.