రంగు చేపల యూనిట్‌లో మేత పని మీ చేతికొస్తే

భీమవరం, ఆకివీడు, కైకలూరు చెరువుల మీద పనిచేసి రంగు చేపల యూనిట్‌లో చేరేవాళ్లు ఒక ధీమాతో వస్తారు, మేత సంగతి మాకు తెలుసులే అని. సగం నిజమే. మేత మిగిలితే నీళ్లు పాడవుతాయని, మబ్బు పట్టిన రోజు మేత తగ్గించాలని, శాంపిల్ తూకం వెయ్యకుండా లెక్క కట్టకూడదని మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇబ్బంది పెట్టేది మిగతా సగం. చెరువులో కిలోకి డబ్బు, ఇక్కడ పీసుకి డబ్బు. బాగా ఒళ్లు చేసినా రంగు పాలిపోయి, వెన్ను కాస్త వంగి ఉంటే ఆ గోల్డ్‌ఫిష్‌ను షాపువాళ్లు పక్కకు తీసేస్తారు. నెలాఖరున ఓనరు అడిగేది కూడా ఒక్కటే, ఈ బ్యాచ్‌లో ఎన్ని ‘ఏ’ గ్రేడ్‌కి వెళ్లాయి అని.

తల్లి చేపలు కొన్న రోజే జాతి లక్షణం ఖరారైపోతుంది. నీళ్ల బాధ్యత నలుగురిదీ. మేత మాత్రం రోజుకు మూడుసార్లు మీ చేతుల మీదుగానే పోతుంది కాబట్టి బ్యాచ్ దెబ్బతింటే మాట పడేది మీరే. ఆ మాట పడకుండా ఉండాలంటే మేత ఏం చేయగలదో, ఏం చేయలేదో ముందు తెలియాలి.

రంగుతో మొదలుపెడదాం. ఓనర్లు తొందరపడేదీ, డబ్బు పోగొట్టుకునేదీ ఎక్కువగా అక్కడే. ఎరుపు, నారింజ, పసుపు రంగులకు మూలం కెరోటినాయిడ్లు. చేప వీటిని సొంతంగా తయారు చేసుకోలేదు, మేతలో అందితేనే చర్మంలోకి చేరతాయి. నలుపుకు కారణమైన మెలనిన్‌ను చేప తన ఒంట్లోనే తయారు చేసుకుంటుంది. ఫైటర్ చేపలో మెరిసే నీలానికి వేరే రంగు పదార్థమే లేదు, చర్మంలోని సన్నటి స్ఫటికాల మీద వెలుతురు పడి తిరిగి రావడం వల్ల అలా కనబడుతుంది. కాబట్టి నీలం ఫైటర్లకు ఖరీదైన కలర్ ఫీడ్ పెట్టడం దండగ. ఓనరు పెట్టమంటే ఈ కారణం చెప్పి వద్దనండి.

ఎరుపు రంగు చేపలు కూడా అన్నీ ఒకటి కావు. స్పిరులినాలో ఉండే జియాజాంథిన్‌ను గోల్డ్‌ఫిష్, కోయి చేపలు ఎర్రటి ఆస్టాజాంథిన్‌గా మార్చుకోగలవు. ఆ శక్తి లేని జాతులు చాలా ఉన్నాయి, వాటికి ఆస్టాజాంథిన్ నేరుగా మేతలోనే అందాలి. ఒకే డబ్బా తెచ్చి అన్ని ట్యాంకులకూ వేసేస్తే సగం ట్యాంకుల్లో ఫలితం కనబడకపోవడానికి ఇదొక కారణం. అలాగని ఎక్కువ వేసినా తప్పే. తెల్లటి ఒంటి మీద ఎర్ర మచ్చలుండే కోయికి స్పిరులినా మోతాదు మించితే ఆ తెలుపు పసుపు తిరుగుతుంది. ఆ రకానికి రేటు వచ్చేదే తెలుపు శుభ్రంగా ఉన్నందుకు.

మేతను తప్పుపట్టే ముందు ట్యాంకు చూడండి. తెల్ల టైల్స్ తొట్లో పెరిగిన చేప పాలిపోయి కనబడుతుంది, అదే చేప ముదురు రంగు అడుగున్న ట్యాంకులో కొన్నాళ్లకు చిక్కబడుతుంది. పార్శిల్ దిగిన రోజు కూడా రంగు తగ్గే ఉంటుంది. ఆ రోజు చూసి మేత మార్చేస్తే మీకు ఏదీ తేలదు.

రంగు మేతకు కావలసిన ముడిసరుకు మన జిల్లాల్లోనే దొరుకుతుంది, జాగ్రత్తలు తెలిసినవాళ్లే తక్కువ. కడియపులంక పూల మార్కెట్‌లో బంతిపూలు మిగిలిపోయే రోజులుంటాయి. రేకులు ఒలిచి, నీడలో ఆరబెట్టి పొడి చేసి మేతలో కలపొచ్చు. వాటిలో ఎక్కువగా ఉండేది ల్యూటిన్, కాబట్టి పసుపు, నారింజ రంగుల మీద ఆశ పెట్టుకోండి, చిక్కటి ఎరుపు మీద కాదు. ఎర్రటి ఎండలో ఆరబెడితే కెరోటినాయిడ్లు అక్కడే సగం పోతాయి. అంతకంటే పెద్ద ప్రమాదం పురుగుమందు. ఆ పూలు దండల కోసం పండించినవి, తిండి కోసం కాదు, వాటి మీద ఏం పిచికారీ చేశారో మార్కెట్‌లో ఎవరూ చెప్పరు. కొత్త లాట్ పొడిని ముందు పది చేపలకు వారం రోజులు పెట్టి చూశాకే మిగతా ట్యాంకులకు వెళ్లండి.

రొయ్య తలల సంగతీ అంతే. భీమవరం చుట్టుపక్కల ప్రాసెసింగ్ ప్లాంట్ల నుంచి తల, పొట్టు తేలిగ్గానే దొరుకుతాయి. వాటిలో ఆస్టాజాంథిన్ ఉంటుంది, నిజమే. కానీ మన ఎండకు గంటల్లో కుళ్లిపోతాయి, పొట్టులో ఉండే కైటిన్ ఎక్కువైతే చేపకు అరగదు. ప్లాంట్ నుంచి తెచ్చిన రోజే ఉడికించి, ఆరబెట్టి, మెత్తగా పట్టించి కొద్ది పాళ్లలో వాడేటట్టయితేనే తెప్పించండి. రేపు చూద్దాంలే అనుకునే యూనిట్‌లో ఆ పని పెట్టుకోవద్దు.

కలర్ ఫీడ్ ఎప్పుడు మొదలుపెట్టాలన్నది డబ్బు లెక్క. చర్మంలో రంగు కనబడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఆపేస్తే మెల్లగా తగ్గిపోతుంది. ఒక లెక్క వేద్దాం, రేట్లు మీ దగ్గరివి వేసుకోండి. 600 గోల్డ్‌ఫిష్‌లు, అమ్మకానికి ముందు ఆరు వారాల్లో సగటున 8 గ్రాములు అనుకుంటే మొత్తం 4.8 కిలోలు. రోజుకు 3 శాతం చొప్పున 144 గ్రాములు, 42 రోజులకు సుమారు 6 కిలోలు. మామూలు మేతకూ కలర్ ఫీడ్‌కూ కిలోకి 350 రూపాయలు తేడా ఉంటే అదనపు ఖర్చు 2,100. వాటిలో 300 చేపలు పై గ్రేడ్‌కి వెళ్లి చేపకు 10 రూపాయలు ఎక్కువ పలికితే 3,000 వచ్చాయి, 900 మిగిలాయి. అదే ఫీడ్‌ను పిల్ల దశ నుంచి అయిదు నెలలూ పెడితే మూడింతల మేత పడుతుంది, వచ్చే రేటు మాత్రం అంతే. ఓనరు ‘వారంలో రంగు రావాలయ్యా’ అంటే ఈ లెక్కే కాగితం మీద వేసి చూపించండి. మీరు నోటితో చెబితే నీకు చేతకాదంటారు, కాగితం చూపిస్తే ఆలోచిస్తారు.

ఇక పెరుగుదల. చెరువు మేతలు తెచ్చి ఇక్కడ వాడటం మన ప్రాంతంలో జరిగే మామూలు పొరపాటు. పెంపకం చేపల ఫ్లోటింగ్ ఫీడ్‌లో ప్రొటీన్ 28 శాతం ఉంటే బొచ్చె, శీలావతికి సరిపోతుంది. ఎదిగే వయసులో ఉన్న గోల్డ్‌ఫిష్, గప్పీ, కోయి పిల్లలకు 35 శాతం దరిదాపుల్లో కావాలి, మాంసాహార జాతులకు ఇంకా ఎక్కువ. వెనామీ మేతలో ప్రొటీన్ బాగానే ఉంటుంది గానీ అది అడుగుకు దిగిపోయేలా చేసిన మేత. గప్పీ, ఫైటర్ పైన తిరిగే చేపలు. మేత అడుగున పేరుకుంటుంది, పైన చేప ఆకలితో ఉంటుంది, మీరేమో తిన్నాయనుకుంటారు.

సొంతంగా కలుపుకోవాలంటే లెక్క కష్టమేం కాదు. చేపల పొడి 30 పాళ్లు, సోయా చెక్క 30, గోధుమ పిండి 20, తవుడు 15, నూనె 3, విటమిన్–మినరల్ మిక్స్ 2. చేపల పొడిలో ప్రొటీన్ 60, సోయాలో 46, గోధుమ పిండిలో 11, తవుడులో 12 శాతం చొప్పున వేసుకుంటే మొత్తం 36 శాతం దాకా వస్తుంది. ఆ 60 శాతం నిజంగా ఉంటేనే సుమా. ఇసుక కలిసిన చేపల పొడి ఒక్క బస్తా చాలు లెక్కంతా తారుమారు కావడానికి, గ్లాసు నీళ్లలో గుప్పెడు వేసి అడుగున ఏం దిగిందో చూడండి. చవకగా వస్తుందని వేరుశనగ చెక్క పెంచకండి. మన వానాకాలపు తేమకు అందులో బూజు పట్టి అఫ్లాటాక్సిన్ తయారవుతుంది. అది ముందు లివర్‌ని దెబ్బతీస్తుంది. పైకి మాత్రం చేప ఎదగడం లేదన్నట్టే కనబడుతుంది.

బస్తా సైజు గురించి ఎవరూ పట్టించుకోరు గానీ నేను చూసిన వంకర చేపల్లో చాలా వాటి కథ అక్కడే మొదలవుతుంది. 600 చేపలు, ఒక్కోటి 5 గ్రాములంటే 3 కిలోలు. 4 శాతం లెక్కన రోజుకు 120 గ్రాములు. 25 కిలోల బస్తా విప్పితే 200 రోజులు దాటి వస్తుంది, చేప పెరుగుతుంది కాబట్టి అయిదు నెలలే అనుకోండి. రేకుల షెడ్డులో, ఏప్రిల్ ఎండలో, మూతి విప్పి ఉన్న బస్తాలో విటమిన్ సి అయిదు నెలలు నిలవదు. నూనె కూడా చెడుతుంది, చెయ్యి పెట్టి తీసి వాసన చూస్తే పాత నూనె కంపు తెలిసిపోతుంది. విటమిన్ సి లోపిస్తే వెన్ను పక్కకో పైకో వంగుతుంది, మొప్ప మూత పొట్టిదై అంచు బయటికి మడత పడి లోపలి ఎర్రటి మొప్ప కనబడుతుంది. వంగిన వెన్ను మళ్లీ తిన్నగా రాదు. బస్తా కొనక తప్పకపోతే రెండు వారాలకు సరిపడా డబ్బాలో తీసుకుని, మిగతాది గాలి తగలకుండా కట్టి చల్లని గదిలో పెట్టండి. విప్పిన తేదీ బస్తా మీదే రాయండి.

వంకర చేప కనబడగానే మేతదే తప్పని ఒప్పేసుకోకండి. ఒకే జంట పిల్లల్లో మాత్రమే వస్తే అది దగ్గరి రక్తం కలవడం వల్ల కావచ్చు. వేర్వేరు జంటల పిల్లల్లో, ఒకే బస్తా తిన్న ట్యాంకులన్నిట్లో వస్తే అప్పుడు మేతను అనుమానించాలి. చిక్కిపోయి, పుండ్లు పడి, పెద్ద చేపల్లోనూ కొత్తగా వంగడం మొదలైతే జబ్బు, ఆ ట్యాంకును వేరు చేసి ల్యాబ్‌కి పంపాలి. తల పెద్దదై ఒళ్లు సన్నబడితే మేత చాలడం లేదు, లేదా కడుపులో పురుగు ఉంది.

రొయ్యల చెరువులో చెక్ ట్రేని రెండు గంటలకు లేపి చూసే అలవాటు ఇక్కడ పనికిరాదు. నాలుగైదు నిమిషాల్లో తినగలిగినంతే వేసి, మిగిలింది సైఫన్ చెయ్యాలి. తొందరగా పెంచాలని ఎక్కువ వేస్తే అమ్మోనియా పెరుగుతుంది, పీహెచ్ 8 దాటిన నీళ్లలో దాని విషం ఇంకా ఎక్కువ. రెక్కలు చీలికలవుతాయి, పెరుగుదల ఆగిపోతుంది. అది చూసి మేత చాలలేదని ఇంకా పెంచినవాళ్లున్నారు. గుండ్రటి ఒళ్లుండే గోల్డ్‌ఫిష్ రకాలకు తేలే మేత పొడిగా వేస్తే గాలి కూడా మింగి తలకిందులవుతాయి, కాస్త నానబెట్టి వేయండి.

పిల్లల దశలో హేచరీ అనుభవం ఉన్నవాళ్లదే పైచెయ్యి. ఆర్టీమియా మీకు అలవాటైన పనే, పొదిగిన రోజే వాడితే దాని పోషకాలు దక్కుతాయి. గప్పీ పిల్ల పుట్టిన రోజు నుంచే దాన్ని తింటుంది. ఫైటర్, గౌరామి పిల్లల నోరు చిన్నది, మొదటి రోజుల్లో ఇన్ఫ్యూసోరియా ఉండాల్సిందే. మురుగు కాల్వల నుంచి వచ్చే ట్యూబిఫెక్స్ పురుగులతో జబ్బులు వస్తాయి, ఎంత చవకైనా వద్దనండి.

హార్మోన్ గురించి స్పష్టంగా చెప్పాలి. గప్పీలకు మిథైల్ టెస్టోస్టిరాన్ మేతలో కలిపితే రంగు తొందరగా వస్తుంది, ఆడవాటికి కూడా మగ రంగు వస్తుంది. అవి గొడ్డుపోతాయి, మందు ఆపాక రంగు తగ్గుతుంది. బ్రీడింగ్ కోసం కొన్నవాళ్లు రెండు నెలలకు ఫోన్ చేస్తారు, అప్పుడు ఓనరు చూపించేది మేత వేసిన మనిషినే. ఆ హార్మోన్ పొడి చర్మం ద్వారా, పీల్చే గాలి ద్వారా మీ ఒంట్లోకీ వెళుతుంది. కలపమంటే నేను కలపను సార్ అని మొదటి రోజే చెప్పడం తేలిక, ఒకసారి కలిపాక కష్టం.

నేర్చుకోవడానికి దూరం పోనక్కర్లేదు. కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది, కేంద్ర మత్స్య విద్యా సంస్థ (సీఐఎఫ్ఈ) కాకినాడ సెంటర్‌కు బలభద్రపురంలో మంచినీటి చేపల ఫామ్ ఉంది. సొంత యూనిట్ ఆలోచన ఉంటే, 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగు చేపల యూనిట్ ఖర్చు 3 లక్షలుగా లెక్కించి జనరల్ వర్గానికి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం సబ్సిడీ పెట్టారు. ఇప్పుడు ఏది అమల్లో ఉందో మత్స్యశాఖ ఆఫీసులో కనుక్కోండి. సబ్సిడీ చూసి దిగే ముందు సరుకు తయారయ్యేదాకా నడిచే నెలల మేత ఖర్చు చేతిలో ఉందో లేదో చూసుకోండి.

ఉద్యోగంలోనే ఉంటే ఒక రిజిస్టర్ మీ సొంతంగా పెట్టుకోండి. ట్యాంకు నంబరు, బస్తా విప్పిన తేదీ, రోజు వేసిన గ్రాములు, పదిహేను రోజులకోసారి సగటు బరువు, కలర్ ఫీడ్ మొదలైన రోజు, ప్యాకింగ్‌కు ముందు మేత ఆపిన గంట. పార్శిల్ కట్టే ముందు ఒక రోజు పస్తు పెట్టకపోతే కవరులో నీళ్లు పాడై, చేప చేరేసరికి రంగు పోయి ఉంటుంది. చెన్నై కొళత్తూరు నుంచి వచ్చే రంగు చేపల సరుకుతో పోటీపడే షాపువాళ్లు ఆ ఒక్క పార్శిల్ చూసే మీ యూనిట్‌కి రేటు కడతారు. రిజిస్టర్‌లో చివరగా ఏ గ్రేడ్ ఎన్ని, బి గ్రేడ్ ఎన్ని, చచ్చినవి ఎన్ని అని రాయండి. మూడు బ్యాచ్‌లు అలా నడిచాక జీతం మాట ఎత్తండి. నెలకు ఇంత పెంచండి అనే బదులు ఏ గ్రేడ్ శాతం ఇంత దాటితే పీసుకి ఇంత అని అడగండి. పీసు లెక్కన అమ్ముకునే ఓనరుకు ఆ లెక్క వెంటనే అర్థమవుతుంది.