రెండు కోర్లా, నాలుగు కోర్లా? కంప్యూటర్ ఇచ్చే ముందు దాతలు తెలుసుకోవలసినవి

పిల్లల కంప్యూటర్ శిక్షణకు సాయం చేద్దామని ముందుకు వచ్చే దాతలు ఈమధ్య మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "డ్యూయల్‌కోర్ సరిపోతుందా, క్వాడ్‌కోర్ ఇప్పించమంటారా?" చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. కానీ పది కంప్యూటర్ల దగ్గరకు వచ్చేసరికి దీని జవాబు మీద ఎంతమంది పిల్లలు కూర్చోగలరన్నదే ఆధారపడుతుంది. ఒక్కో యంత్రం మీద అవసరం లేని ఖర్చు పెడితే పదో కుర్చీ ఖాళీగా ఉంటుంది. మరీ పిసినారితనం చేస్తే పదిమందీ తెర మీద తిరిగే గుండ్రటి గుర్తును చూస్తూ కూర్చుంటారు. దాతల సొమ్ము అమానత్ కాబట్టి ఈ విషయాన్ని కొంచెం వివరంగానే రాస్తున్నాం.

ప్రాసెసర్ అంటే కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసే చిప్పు. అందులోని ఒక్కో కోర్ ఒక్కో పనివాడు అనుకోండి. 2005కు ముందు మన ఇళ్లకు వచ్చిన కంప్యూటర్లలో దాదాపు అన్నిటికీ ఒకే పనివాడు. కంపెనీలు ఏటా అతని చేతి వేగాన్ని పెంచుకుంటూ పోయాయి. పెంటియం 4 అలా 3.8 గిగాహెర్ట్జ్ దాకా వచ్చి ఆగిపోయింది. వేగం పెంచేకొద్దీ చిప్పు వేడెక్కుతోంది, కరెంటు తాగుతోంది. 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 తెస్తామని చెప్పిన ఇంటెల్, 2004లో ఆ ఆలోచనే మానుకుంది. ఒకడినే ఇంకా పరిగెత్తించడం కంటే, కాస్త నెమ్మదైన ఇద్దరిని పెట్టుకోవడం మేలని తేలింది. 2005లో ఇంటెల్ పెంటియం డి, ఏఎండి అథ్లాన్ 64 ఎక్స్2 వచ్చాయి. 2006లో కోర్ 2 డుయో, 2007 జనవరిలో నాలుగు కోర్ల కోర్ 2 క్వాడ్ క్యూ6600 వచ్చాయి. ఆ క్యూ6600 మూత కింద ఉన్నవి నిజానికి రెండు డ్యూయల్‌కోర్ ముక్కలే, పక్కపక్కన అతికించినవి!

మరి పనివాళ్లు రెట్టింపైతే పని సగం సమయంలో అయిపోతుందా? కాదు. ఇది అర్థం కావాలంటే మన దావత్ వంటే చాలు. ఒక దేగ్ బిర్యానీకి ఒక్క మనిషి చేస్తే ఉల్లిపాయలు కోయడం, బియ్యం కడగడం, మాంసం సిద్ధం చేయడం లాంటి పనులకు 60 నిమిషాలు, దమ్‌కు 40 నిమిషాలు, మొత్తం 100 నిమిషాలు పడుతుందనుకుందాం. ఇద్దరు చేతులు వేస్తే మొదటి 60 కాస్తా 30 అవుతుంది, మొత్తం 70. నలుగురు వేస్తే అది 15, మొత్తం 55. ఎనిమిది మంది వచ్చినా ఏడున్నర, మొత్తం 47న్నర. దమ్ మాత్రం ఎంతమంది మూత చుట్టూ నిలబడినా 40 నిమిషాలే. కంప్యూటర్ పనుల్లోనూ పంచుకోగలిగే భాగం, పంచుకోలేని భాగం ఉంటాయి. జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటర్ ఇంజినీరు 1967లోనే ఈ సంగతి చెప్పారు. అందుకే దీన్ని ఆమ్‌డాల్ సూత్రం అంటారు. ఒకరి నుంచి ఇద్దరికి వెళ్లినప్పుడు 30 నిమిషాలు మిగిలాయి, ఇద్దరి నుంచి నలుగురికి వెళ్తే మిగిలింది 15 నిమిషాలే. డ్యూయల్‌కోర్, క్వాడ్‌కోర్ తేడా అంతా ఇక్కడే ఉంది.

అందువల్ల ముందు అడగవలసింది కంప్యూటర్ గురించి కాదు, దాని మీద ఏం నేర్పుతారన్నది. టైపింగ్, వర్డ్, ఎక్సెల్, ట్యాలీ, మీసేవ దరఖాస్తులు, స్కాలర్‌షిప్ ఫారాలు: ఈ పనుల్లో ప్రాసెసర్ ఎక్కువ సేపు మన వేళ్ల కోసమే ఎదురుచూస్తుంది. ఒక ఓచర్ ఎంట్రీకి రెండు కోర్లే ఎక్కువ. ఇన్‌పేజ్‌లో ఉర్దూ, అను ఫాంట్లతో తెలుగు కంపోజింగ్ కూడా ఆ కోవలోకే వస్తాయి. ఫొటోషాప్‌లో పెద్ద ఫ్లెక్సీ డిజైన్ చేయడం, వీడియో ఎడిటింగ్, ప్రోగ్రామింగ్ కోర్సులు మాత్రం వేరు. ముఖ్యంగా వీడియో ఎడిట్ చేసి చివర్లో ఫైలుగా బయటికి తీసేటప్పుడు పని చక్కగా ముక్కలవుతుంది, అక్కడ నాలుగు కోర్లకు పెట్టిన డబ్బు కళ్లకు కనబడుతుంది. ఆన్‌లైన్ క్లాసు ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. జూమ్‌లో పాఠం, పక్కన బ్రౌజర్‌లో నాలుగైదు ట్యాబులు, వెనకాల యాంటీవైరస్, ఇన్ని కలిసినప్పుడు రెండు కోర్లు ఆయాసపడతాయి.

ఒక నిజమైన జంటను చూద్దాం. 2015లో వచ్చిన ఇంటెల్ ఆరో తరంలో ఐ3-6100కు రెండు కోర్లు, వేగం 3.7 గిగాహెర్ట్జ్. ఐ5-6500కు నాలుగు కోర్లు, మామూలు వేగం 3.2, అవసరమైనప్పుడు 3.6 దాకా. రెండోచేతి మార్కెట్లో ఈ తరం డెస్క్‌టాప్‌లు బాగా తిరుగుతున్నాయి, కార్పొరేట్ ఆఫీసులు వదిలించుకున్నవే చాలా. ఒక ఉత్తరం టైపు చేసే అమ్మాయికి ఈ రెండింటి తేడా తెలియదు, ఒక్క పనే అయితే ఐ3 వెనకబడదు కూడా. కరెంటు లెక్కలోనూ పెద్ద తేడా లేదు: వేడి పరిమితి ఐ3కి 51 వాట్లు, ఐ5కి 65 వాట్లు. పైగా ఈ రెండూ ఒకే రకం సాకెట్‌లో కూర్చుంటాయి. ఇవాళ ఐ3తో మొదలుపెట్టి, రేపు డీటీపీ కోర్సు ప్రారంభించాక ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలు సాధారణంగా ఉంటుంది. డెస్క్‌టాప్‌కు ఉన్న ఈ సౌకర్యం లాప్‌టాప్‌కు లేదు. అందులో ప్రాసెసర్‌ను ఎక్కువగా బోర్డుకే అతికించి ఇస్తారు.

అసలు చిక్కు పేర్లలో ఉంది. ఐ5 అంటే నాలుగు కోర్లని, ఐ7 అంటే ఇంకా ఎక్కువని చాలామంది నమ్మకం. డెస్క్‌టాప్‌లలో రెండో తరం నుంచి ఏడో తరం దాకా ఐ3కి రెండు, ఐ5కి నాలుగు అన్నది చాలావరకు నిజమే. అయినా చిన్న డబ్బా కంప్యూటర్లలో వాడే టి రకాల్లో మోసపోయే వీలుంది, ఐ5-4570టికి రెండే కోర్లు. లాప్‌టాప్‌లలోనైతే పరిస్థితి మరీ విడ్డూరం. నంబరు చివర యు ఉన్న ఏడో తరం ఐ5-7200యుకు రెండే కోర్లు, ఐ7-7500యుకూ రెండే! 2017లో వచ్చిన ఎనిమిదో తరం ఐ5-8250యుతో అవి నాలుగయ్యాయి. అదే ఏడాది డెస్క్‌టాప్ ఐ3-8100కు కూడా నాలుగు వచ్చాయి. అందుకే బేరానికి కూర్చునే ముందు ఐ5 అనే ముక్కతో తృప్తిపడకుండా గీత తర్వాతి నంబరు మొత్తం అడగాలి. గీత తర్వాత మొదటి అంకె తరాన్ని చెబుతుంది. పదో తరం నుంచి మొదటి రెండు అంకెలు చూడాలి.

ఇంకో మాట: కొందరు "నాలుగు" అని చూపించేది కోర్లను కాదు, థ్రెడ్లను. ఒక వంటవాడికి రెండు పీటలు ఇచ్చినట్టు, ఒకే కోర్ రెండు పనుల మధ్య చేతులు మార్చుకుంటూ ఉండటం అది. దానివల్ల కొంత లాభమున్న మాట నిజమే, కానీ ఒక మనిషి ఇద్దరు కాలేడు. చూసుకోవడం తేలిక. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్ పేజీలో సీపీయూ దగ్గర కోర్స్ ఎన్ని, లాజికల్ ప్రాసెసర్స్ ఎన్ని అని విడివిడిగా రాసి ఉంటుంది. కోర్స్ అన్న వరుసనే నమ్మండి.

దీనికి తలకిందులైన మోసమూ ఉంది: నాలుగు కోర్లు నిజంగానే ఉంటాయి, కానీ నలుగురూ బక్కవాళ్లు. 2013 నాటి సెలెరాన్ జె1900 అలాంటిది. దాని నాలుగు కోర్ల కంటే ఐ3-6100 రెండు కోర్లే మన రోజువారీ పనులకు ఎంతో మేలు. కొత్త లాప్‌టాప్‌లలోనూ లెక్క మారింది. ఐ3-1215యుకు ఆరు కోర్లని రాస్తారు. వాటిలో రెండు బలమైనవి, నాలుగు పొదుపువి. అది మంచి చిప్పే. సంఖ్య ఒక్కటే చూసి పాత ఆరు కోర్ల ఐ5-8400తో పోల్చకూడదని మాత్రమే మా మాట.

ఇప్పుడు విండోస్ సంగతి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కు కనీసం రెండు కోర్లు, 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ, టీపీఎం 2.0 కావాలని ఆ సంస్థ నియమం. గమనించారా, కోర్లు రెండే చాలు! అడ్డం వచ్చేది తరం. ఆమోదించిన ఇంటెల్ ప్రాసెసర్ల జాబితా కొద్దిపాటి మినహాయింపులతో ఎనిమిదో తరం నుంచి మొదలవుతుంది. కాబట్టి నాలుగు కోర్ల ఐ5-6500 ఆ జాబితాలో లేదు, రెండు కోర్ల లాప్‌టాప్ చిప్పు ఐ3-8145యు ఉంది. ఆఫీసులు ఆరో తరం, ఏడో తరం యంత్రాలను చవగ్గా వదిలేయడానికి ఇదొక పెద్ద కారణం. వాటిని లినక్స్‌తో నిశ్చింతగా నడపవచ్చు. తెలుగు, ఉర్దూ టైపింగ్, లిబ్రెఆఫీస్, ఇంటర్నెట్ అన్నీ ఉచితంగా వస్తాయి. అయితే ఉద్యోగం ఇచ్చేవారు ఎక్సెల్, ట్యాలీ వచ్చా అని అడుగుతారు, అవి విండోస్ మీద నేర్పవలసినవి. అందుకని అక్కౌంట్స్ కోర్సు బల్లలకు ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతివి, టైపింగ్, ప్రాథమిక కోర్సులకు పాతవి అని విడదీయడం మాకు సరైనదిగా తోస్తోంది.

"కంప్యూటర్ నెమ్మదిగా ఉంది, క్వాడ్‌కోర్ వేయించండి" అనే ఫిర్యాదు వచ్చినప్పుడు కూడా ఒక పరీక్ష ఉంది. యంత్రం మొరాయిస్తున్న సమయంలోనే టాస్క్ మేనేజర్ తెరిచి సీపీయూ, మెమరీ, డిస్క్ మూడింటిలో ఏది వంద శాతానికి చేరిందో చూడాలి. పాత తిరిగే హార్డ్‌డిస్క్ ఉన్న యంత్రాల్లో తరచుగా వందకు చేరేది డిస్కే. సీపీయూ ఇరవై, ముప్పై శాతం దగ్గర ఖాళీగా కూర్చుని ఉంటుంది. అక్కడ నాలుగు కాదు, నలభై కోర్లు పెట్టినా ఆ డిస్కు సూది అదే వేగంతో తిరుగుతుంది. దాని చోట ఎస్ఎస్‌డి వేస్తే అదే డ్యూయల్‌కోర్ కొత్త కంప్యూటర్‌లా లేస్తుంది. మెమరీ నిండిపోతుంటే 4 జీబీని 8 చేయించాలి. రెండు స్లాట్లున్న బోర్డులో ఒకే పెద్ద ముక్క కంటే జంటగా రెండు ముక్కలు వేయడం మంచిది. సీపీయూయే ఎప్పుడూ వందలో ఉంటే, అప్పుడు కోర్ల గురించి మాట్లాడుకోవాలి.

దీని నుంచి మేము పాటించే లెక్క ఇది. క్వాడ్‌కోర్ కొంటే ఎస్ఎస్‌డికి డబ్బు మిగలదనుకున్నప్పుడు డ్యూయల్‌కోర్, ఎస్ఎస్‌డి, 8 జీబీ ర్యామ్ తీసుకుంటాం. ఎస్ఎస్‌డి, ర్యామ్ రెండూ కొన్నాక కూడా చేతిలో ఉంటే క్వాడ్‌కోర్‌కు వెళతాం. తెర పంచి పాఠం చెప్పే టీచరు యంత్రానికీ, డిజైనింగ్ నేర్పే ఒకటి రెండు బల్లలకూ మాత్రం మొదటి నుంచే నాలుగు కోర్లు. పది బల్లలకూ ఒకే మోడల్ ఉంటే చూడటానికి అందంగా ఉంటుంది, రిపేరుకూ సులువే, అది ఒప్పుకుంటాం. కానీ ఆ అందానికి పెట్టే ధర మరో విద్యార్థి సీటు. కొత్త డెస్క్‌టాప్ కొనే స్తోమత ఉన్న దాతకు ఈ చర్చే దాదాపు అక్కర్లేదు, 2022లో వచ్చిన ఐ3-12100కే నాలుగు బలమైన కోర్లున్నాయి.

మల్కాజ్‌గిరి నుంచి సికింద్రాబాద్ ప్యారడైజ్ వైపు వెళ్తే పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, చుట్టుపక్కల దుకాణాలు ఉన్నాయి. కొత్తవీ పాతవీ అక్కడే దొరుకుతాయి. కనీసం మూడు చోట్ల ధర అడగండి. ఒకే మోడల్ నంబరు, ఒకే ర్యామ్, ఒకే సైజు ఎస్ఎస్‌డి చెప్పి అడిగితేనే పోలిక కుదురుతుంది. పాతదైతే ఒక గంట నడిపించి, టాస్క్ మేనేజర్ చూసి, ఫ్యాన్ మోత విని డబ్బు ఇవ్వండి. బిల్లు మీద ప్రాసెసర్ పూర్తి నంబరు, వారంటీ ఎన్ని నెలలో రాయించుకోవాలి. అదే నంబరు సంస్థ స్టాకు రిజిస్టరులోనూ ఎక్కాలి.

ఇంట్లో పాత కంప్యూటర్ ఉంది, తీసుకుంటారా అని అడిగేవారికి: ఐ3 రెండో తరం దగ్గర నుంచి పైవి పని చేస్తున్న స్థితిలో ఉంటే సంతోషంగా తీసుకోవచ్చు. కోర్ 2 డుయో, పెంటియం డి కాలం నాటివి ఇక శిక్షణకు పనికిరావు. అవి విద్యార్థి ముందు పెట్టడం కంటే, కంప్యూటర్ విప్పి బిగించడం నేర్పే హార్డ్‌వేర్ క్లాసుకు ఒకటి రెండు ఉంచుకుని, మిగతావి అధీకృత ఈ-వేస్ట్ సేకరణ కేంద్రానికి పంపాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నియమాల ప్రకారం వాటిని మామూలు పాత సామాను వారికి ఇవ్వడం సరికాదు. ఇచ్చే ముందు మీ ఫొటోలు, బ్యాంకు కాగితాలు, ఆధార్ ప్రతులు కాపీ చేసుకుని డిస్కును పూర్తిగా తుడిపించండి. ఫైళ్లను రీసైకిల్ బిన్‌లో వేసి ఖాళీ చేయడం మాత్రమే చాలదు.