కెమెరా చదువు చదువుతానంటే

ఇంటర్ ఎంపీసీలో 90 శాతం పైన మార్కులు తెచ్చుకున్న అమ్మాయి, కౌన్సెలింగ్ మొదలయ్యే వారంలో "ఇంజినీరింగ్ వద్దు నాన్నా, మాస్ మీడియా చదువుతాను" అంటే ఇంట్లో రెండు రోజులు ఎవరూ సరిగ్గా అన్నం తినరు. భీమవరంలోనూ అమలాపురంలోనూ తణుకులోనూ ఈ మాట ఇప్పుడు తరచుగానే వినిపిస్తోంది. అబ్బాయిలూ అంటున్నారు, అమ్మాయిలూ అంటున్నారు. అలాంటి ఇంట్లోని అమ్మానాన్నలతో కాసేపు మాట్లాడాలని ఉంది.

మీ భయంలో న్యాయం ఉంది. మన డెల్టాలో చేను మీదో చెరువు మీదో వచ్చిన డబ్బుతోనే చాలామంది పిల్లల్ని చదివిస్తారు. రొయ్య ధర పడిపోయిన ఏడాది ఫీజు ఎక్కడినుంచి తేవాలో తెలియదు. చదువు అవగానే జీతం వచ్చే దారి కావాలని మీరు కోరుకోవడంలో తప్పేముంది? మీడియా చదువు ఆ హామీ ఇవ్వదు. మొదటి కొన్నేళ్ళు జీతం తక్కువ, పని గంటలు ఎక్కువ. ఈ సంగతి దాచిపెట్టి సలహా చెప్పేవాళ్ళని నమ్మకండి. అయితే ఆ చదువేమిటో తెలుసుకోకుండా మాత్రం వద్దనకండి.

మాస్ మీడియా అనే పేరు కింద నిజానికి వేరు వేరు చదువులున్నాయి. ఆ తేడా చాలాసార్లు పిల్లలకే తెలియదు. వార్త రాయడం, మనిషిని సరైన ప్రశ్న అడగడం, పరువునష్టం చట్టం, కాపీరైట్ ఇవన్నీ జర్నలిజం. వెలుతురు ఎటునుంచి పడుతోంది, ఎపర్చర్ ఎంత తెరవాలి, ముఖం మీద నీడ ఎంత ఉంచాలి అనేది ఫొటోగ్రఫీ. దీన్ని కొన్నిచోట్ల ఫైన్ ఆర్ట్స్ డిగ్రీగా నేర్పుతారు. ఇక ఎలక్ట్రానిక్ మీడియా ప్రొడక్షన్ అంటే స్క్రిప్టు, షూటింగ్, సౌండ్, ఎడిటింగ్, స్టూడియోలో ఒకేసారి మూడు కెమెరాల్ని నడపడం, ఖర్చు లెక్క రాయడం, రేపు ఎవరు ఎన్నింటికి ఎక్కడికి రావాలో ఈ రాత్రే కాగితం మీద పెట్టడం. బయటికి కెమెరా ఒక్కటే కనిపిస్తుంది. లోపల సగం పని లెక్క, వేళకు రావడం, పదిమందితో సర్దుకుపోవడం. జర్నలిజం, ఫొటోగ్రఫీ, ప్రొడక్షన్, ఈ మూడు చదువుల్లో మీ అమ్మాయికి కావలసింది ఏది? ముందు ఆ మాట అడగండి. "అన్నీ" అని చెబితే ఇంకా తేల్చుకోలేదని అర్థం. అందులో కోప్పడాల్సింది ఏమీ లేదు.

ఫీజు కట్టేముందు ఒక పని చేయించండి. వేసవి సెలవుల్లో, చేతిలో ఉన్న ఫోనుతోనే, ఐదు నిమిషాల చిత్రం ఒకటి తీసి పూర్తిచేసి తెమ్మనండి. కొత్త కెమెరా కొనవద్దు. విషయం కోసం ఊళ్ళు దాటి వెళ్ళనక్కర్లేదు. కడియం నర్సరీలో అంట్లు కట్టే మనిషి ఉన్నాడు, ఉప్పాడలో జాందానీ మగ్గం ఉంది, ఆత్రేయపురంలో కుండ మీద పూతరేకులు తీసే ఆవిడ ఉంది.

ఆ పూతరేకుల సంగతే తీసుకోండి. వేడి కుండ మీద పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డ పరిచి లాగేస్తే రేకు వస్తుంది. చూడ్డానికి కొన్ని సెకన్ల పని. ఆ రేకు ఎంత పల్చనో తెరమీద తెలియాలంటే వెలుతురు దాని వెనకనుంచి రావాలి. ముందునుంచి పడితే తెల్ల కాగితంలా కనిపిస్తుంది. మీ అమ్మాయికి మొదటిరోజే ఇది తట్టకపోవచ్చు. తీసుకొచ్చింది ఇంట్లో చూసుకుని, ఎందుకు బాగా రాలేదో తనంతట తాను ఆలోచించుకుని, మర్నాడు మళ్ళీ వెళ్ళి, ఆవిడని అడిగి ఇంకో పక్కన కూర్చుని తీసిందా? పొయ్యి చప్పుడులో ఆవిడ మాట వినపడటం లేదని గమనించిందా? గంటసేపు తీసినదాంట్లోంచి ఐదు నిమిషాలే ఉంచి, తనకెంతో నచ్చిన ముక్కల్ని కూడా తీసేయగలిగిందా? పూర్తయ్యాక తీసుకెళ్ళి ఆవిడకి చూపించిందా? ఆవిడ పేరు అక్షరం తప్పు పోకుండా వేసిందా? మీరు చూడవలసినవి ఇవీ. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎన్ని లైకులు వచ్చాయో లెక్కలోకి తీసుకోకండి. ఆ లైకులు చూసి కోర్సులో చేరిన పిల్లలు మొదటి సెమిస్టరులోనే డీలా పడిపోతారు. అక్కడ మాస్టారు మెచ్చుకోరు, "మళ్ళీ తీసుకురా" అంటారు.

పూర్తిచేసి తెచ్చినరోజు టీవీ కట్టేసి, మీ ఫోను పక్కన పెట్టి, మొదటినుంచి చివరిదాకా చూడండి. బాగుందమ్మా అనేసి లేచిపోకండి. ఎక్కడ విసుగు పుట్టిందో, ఎక్కడ అర్థం కాలేదో చెప్పండి. మీకు కెమెరా గురించి తెలియకపోయినా ఫరవాలేదు. రేపు తను పనిచేయబోయేది మీలాంటి ప్రేక్షకుల కోసమే. సెలవులన్నీ అయిపోయినా ఒక్కటీ పూర్తికాకపోతే ఎగతాళి చేయకండి. ఇష్టం ఉందని, ఆ పని ఇంకా అలవాటు కాలేదని నెమ్మదిగా చెప్పండి. అప్పుడు ఇంకో డిగ్రీలో చేరి, ఈ పని పక్కన సాధన చేసుకోవచ్చు.

మన నేలకి ఈ చదువూ కొత్త కాదు, ఈ గొడవా కొత్త కాదు. ఆదుర్తి సుబ్బారావు 1912లో రాజమండ్రిలో ఒక తహసీల్దారుగారి ఇంట పుట్టాడు. ఫొటోగ్రఫీ చదువుతానన్నాడు. తండ్రికి ఇష్టం లేదు. ఆ రోజుల్లో ప్రభుత్వోద్యోగి కొడుకు ఫొటోలు తీసుకుని బతుకుతానంటే ఆ ఇంట్లో ఏమనుకుని ఉంటారో ఊహించుకోవచ్చు. అయినా బొంబాయి వెళ్ళి ఫొటోగ్రఫీ కోర్సులో చేరాడు. అక్కడి ఫిల్ము ల్యాబులో పని నేర్చుకున్నాడు, ఎడిటింగులోకి వెళ్ళాడు, ఆ తర్వాతే దర్శకుడయ్యాడు. 1957లో తోడికోడళ్ళు, 1964లో మూగమనసులు. గోదావరినీ పడవనీ రేవునీ తెలుగువాళ్ళ మనసుల్లో అలా నిలబెట్టిన చిత్రం ఇంకొకటి చెప్పడం కష్టం. నాకు మాత్రం ఆ సినిమా కంటే ఆయన నేర్చుకున్న వరస ముఖ్యం. ముందు ఫొటో, తర్వాత ల్యాబు, తర్వాత కత్తెర. ఏ మెట్టూ దాటేయలేదు. పేరు రాని ఆ ఏళ్ళన్నీ పనిలోనే గడిచాయి.

ఆదుర్తి కంటే ముందు, 1897లో పుట్టినవాడు చిత్రకారుడు దామెర్ల రామారావు. ఆ కుర్రాడి చేతిలోని విద్యను గుర్తించి ప్రోత్సహించినవాడు రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. రామారావు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివాడు, తిరిగొచ్చి రాజమండ్రిలో తోటివాళ్ళకి చిత్రకళ నేర్పాడు, 1925లో 28 ఏళ్ళు నిండకుండానే కన్నుమూశాడు. మీరు చేయగలిగిన మంచి పనుల్లో ఒకటి, మీ ఊళ్ళో అలాంటి పెద్దమనిషిని వెతకడం. మీ అమ్మాయి పని చూసి నిజం చెప్పగలవాళ్ళు కావాలి. ఏళ్ళ తరబడి స్టూడియో నడిపిన ఫొటోగ్రాఫరు కావచ్చు, టీవీ చానెల్‌కి పనిచేసే వీడియో జర్నలిస్టు కావచ్చు, బడిలో డ్రాయింగ్ మాస్టారు కావచ్చు. తండ్రి కన్ను ప్రేమతోనో భయంతోనో చూస్తుంది. ఆ పని చేసి బతికినవాళ్ళ కన్ను పనినే చూస్తుంది. రాజమండ్రిలో దామెర్ల రామారావు పేరిట ఆర్ట్ గ్యాలరీ ఉంది. ఒకసారి పిల్లల్ని తీసుకెళ్ళండి. మనిషి ముఖం మీద వెలుతురు ఎలా నిలుస్తుందో అక్కడి బొమ్మల ముందు నిలబడి నేర్చుకోవచ్చు.

ఈ పేర్లు చెప్పి మీ అమ్మాయికి కూడా అంత పేరు వస్తుందని నమ్మించడం నా ఉద్దేశం కాదు. ఈ పనితో బతికేవాళ్ళలో ఎక్కువమంది పోస్టరు మీద కనిపించరు. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసేవాళ్ళు, సౌండ్ రికార్డు చేసేవాళ్ళు, రంగులు సరిచేసేవాళ్ళు, చానెల్లో బులెటిన్ వేళకు వార్త కట్ చేసి ఇచ్చేవాళ్ళు, కంపెనీలకీ ఆసుపత్రులకీ చిన్న చిత్రాలు తీసిపెట్టేవాళ్ళు. నాణ్యంగా చేస్తే ఇవన్నీ గౌరవంగా బతకగల పనులే. "ఎవరూ నీ పేరు వేయకపోయినా ఈ పని చేస్తావా?" అని ఒక్కసారి అడగండి. ఆలోచించి చెప్పే జవాబు కోసం ఆగండి.

ముందు ఏదో ఒక డిగ్రీ చేసి తర్వాత ఇటు రావచ్చు కదా అని అడుగుతారు. రావచ్చు. నరసాపురంలో పుట్టిన దర్శకుడు బాపు ముందు మద్రాసులో లా చదివాడు. రాజోలు దగ్గర మట్టపర్రు నుంచి వచ్చిన దర్శకుడు సుకుమార్ ముందు కాకినాడలో లెక్కలు చెప్పాడు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో డైరెక్షన్, సినిమాటోగ్రఫీ, ఎడిటింగ్ లాంటి మూడేళ్ళ కోర్సులకి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. సౌండ్ కోర్సుకి ఇంటర్‌లో ఫిజిక్స్ అడుగుతూ వచ్చారు కాబట్టి ఎంపీసీ చదివినదేమీ వృథా కాదు. బాహుబలికి కెమెరా పట్టిన సెంథిల్ కుమార్ ఆ సంస్థలో చదివినవాడే. అందువల్ల పిల్లలు ఇంకా ఊగిసలాడుతుంటే తెలుగో ఇంగ్లీషో ఎకనామిక్సో చదివించి, ఆ తర్వాత పీజీకి పంపండి. చదువుకున్న మనిషికి చెప్పడానికి విషయం ఉంటుంది. నాకు నచ్చనిది ఒకటే. నాలుగేళ్ళు ఇష్టంలేని ఇంజినీరింగులో కూర్చోబెట్టి, అది అయ్యాక నీ ఇష్టం అనడం. ఆ నాలుగేళ్ళ ఫీజుతో పాటు పని మీది ఉత్సాహం కూడా ఖర్చయిపోతుంది.

ఇప్పుడే చేరాలని తేలితే కాలేజీని జాగ్రత్తగా చూడండి. విజయవాడ ఆంధ్ర లొయోలా కాలేజీలో విజువల్ కమ్యూనికేషన్ ఉంది. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫొటోగ్రఫీ బీఎఫ్‌ఏ ఉంది. అది తెలంగాణ రాష్ట్రంలోని విశ్వవిద్యాలయం కాబట్టి మన రాష్ట్రం పిల్లలకి ఎన్ని సీట్లున్నాయో ముందే కనుక్కోండి. పీజీకైతే విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయం, గుంటూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయం, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్ విభాగం ఉన్నాయి. బ్రోచరు చూసి డబ్బు కట్టకండి. క్లాసులు జరిగే రోజున వెళ్ళండి. పోయినేడు పిల్లలు తీసిన చిత్రాలు చూపించమనండి. చూపించలేకపోతే అదే మీకు జవాబు. ఒక్కో కెమెరాకి ఎంతమంది విద్యార్థులు? సామాను పిల్లలకి ఇచ్చిన తేదీల రిజిస్టరు నిండుగా ఉందా, లేక కెమెరాలు బీరువాలో తాళం వేసి ఉన్నాయా? పాఠం చెప్పేవాళ్ళలో ఏదైనా పత్రికలోనో చానెల్లోనో సినిమాలోనో పనిచేసినవాళ్ళు ఉన్నారా? ఇంటర్న్‌షిప్ ఎక్కడ, అక్కడ పిల్లల చేత చేయించేది ఏమిటి? ఈ ప్రశ్నలకి సూటిగా జవాబు చెప్పే మామూలు కాలేజీ, అద్దాల మేడ కట్టిన కాలేజీకంటే మేలు.

ఏ కాలేజీ పూర్తిగా నేర్పలేనిది ఒకటుంది. 2015 జులై 14న, గోదావరి పుష్కరాల మొదటిరోజు, రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి 27 మంది చనిపోయారు. అలాంటి ఘడియలో కెమెరా చేతిలో ఉన్నవాళ్ళు ఏం తీయాలి, ఎవరి ముఖం తీయకూడదు, ఎప్పుడు కెమెరా దించి చెయ్యి అందించాలి? 2027లో మళ్ళీ పుష్కరాలు వస్తున్నాయి. ఇప్పుడు డిగ్రీలో చేరే పిల్లలు ఆ జనం మధ్య కెమెరాలతో తిరుగుతారు. ఏడుస్తున్న మనిషిని, స్నానం చేస్తున్న మనిషిని అడక్కుండా తీయకూడదనే మర్యాద ఇంట్లోనే అలవాటు కావాలి. చుట్టాల పెళ్ళిలో ఎవరో వద్దన్న ఫొటో మీ పిల్లలు తీసేయకుండా ఉంచుకుంటే, అప్పుడే, అక్కడే చెప్పండి.

ఆడపిల్లల తల్లిదండ్రులు ఎక్కువ భయపడతారు. రాత్రి షూటింగులు, కొత్త ఊళ్ళు, కొత్త మనుషులు. రావులపాలెంలో పుట్టిన బి. జయ జర్నలిజం డిప్లొమా చేసి, పత్రికలో పనిచేసి, 2003లో చంటిగాడు తీసి దర్శకురాలయ్యారు. ఆ కాలం కంటే ఇప్పుడు ఈ పనిలో ఆడపిల్లలు చాలామందే ఉన్నారు. వద్దని ఆపేకంటే అడగవలసినవి అడగండి. షూటింగ్ ఎక్కడ, బృందంలో ఎవరెవరు, తిరిగి వచ్చే బండి ఎవరిది, బాధ్యుల ఫోను నంబరు ఏది? 2013 చట్టం ప్రకారం పదిమంది, ఆపైన పనిచేసే ప్రతి సంస్థలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి. ఇంటర్న్‌షిప్‌కి పంపే సంస్థలో అది ఉందో లేదో కనుక్కోవడం మీ హక్కు. అన్నిటికంటే ముఖ్యం, ఏదైనా జరిగితే "అందుకే వద్దన్నాను" అనరని తనకి నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం లేకపోతే మీకు ఫోను చేయదు. ఇవే ప్రశ్నలు అబ్బాయి విషయంలోనూ అడగండి.

ఇక డబ్బు. మొదటి ఏడాదే అప్పుచేసి ఖరీదైన కెమెరా కొనకండి. కాలేజీ కెమెరానే వాడనివ్వండి. ఏ పని మీద మనసు నిలుస్తుందో రెండో ఏడాదికి తేలుతుంది, అప్పుడు దానికి తగింది చూడొచ్చు. ముందుగా కొనదగ్గవి కాలర్ మైకు, గట్టి ట్రైపాడ్, రెండు హార్డ్ డిస్కులు. తీసిందంతా రెండుచోట్లా ఉంచాలి. డ్రోన్ అడిగితే ఆగమనండి. 250 గ్రాములు దాటిన డ్రోన్‌ని డబ్బు తీసుకుని పెళ్ళిళ్ళలో ఎగరేయాలంటే, 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. దానికి 18 ఏళ్ళు నిండాలి, పదో తరగతి పాసవ్వాలి, గుర్తింపు ఉన్నచోట శిక్షణ తీసుకోవాలి. ఆ శిక్షణ ఫీజు తను చేసిన పనులమీద సంపాదించి కట్టుకుంటానంటే సరేననండి.