మీ పొలము క్రింద గ్యాసు గొట్టము: రైతు తెలిసికొనవలసిన చట్టము

పట్టా మీ పేరనే ఉండును. పంట మీరే వేసికొందురు. అయినను మీ పొలమునకు అడ్డముగా పోవు ఒక పట్టీ నేలపై ఇంకొకరికి హక్కు ఏర్పడును. గ్యాసు గొట్టము పోవు గ్రామములలో చాలమంది రైతులకు ఈ సంగతి యంత్రములు చేలోనికి దిగిన తరువాతగాని తెలియుట లేదు. అప్పటికి చట్టమిచ్చిన గడువు కాస్తా దాటిపోవును.

కృష్ణా, గోదావరి డెల్టా గ్రామములకు ఇది కొత్త విషయము కాదు. కోనసీమ తోటల నడుమ చమురు, గ్యాసు బావులు తవ్విరి. వానినుండి గొట్టములు నలుదిక్కులకు పోయినవి. కాకినాడ దగ్గరి గాడిమొగనుండి తెలంగాణము మీదుగా గుజరాతులోని భరూచి వరకు సుమారు 1,400 కిలోమీటర్ల పొడవున మరొక పెద్ద గొట్టము 2009లో పనిచేయనారంభించినది. కావున డెల్టాలోనే గాక మెట్ట ప్రాంతములందలి రైతులును, గ్రామాధికారులును ఈ చట్టమును ఎరిగియుండుట మేలు.

1962 నాటి చట్టము

పెట్రోలియము, ఖనిజముల గొట్టపు మార్గములకై భూమిలో వాడుక హక్కు పొందుటకు 1962లో పార్లమెంటు ఒక చట్టము చేసినది. దీని క్రింద ప్రభుత్వము మీ భూమిని కొనదు, సేకరింపదు. భూమి అడుగున గొట్టము వేయుటకును, దానిని చూచుకొనుటకును, మరమ్మతు చేయుటకును వలసిన హక్కును మాత్రమే తీసికొనును. మొదట కేంద్ర ప్రభుత్వ గెజెట్‌లో, ఫలాని గ్రామము, ఫలాని సర్వే నెంబరు, ఇంత విస్తీర్ణము అని ప్రకటన వెలువడును. అది మొదలు వారి మనుషులు పొలములో ప్రవేశించి కొలతలు తీయవచ్చును, అడ్డము వచ్చిన పైరును తొలగింపవచ్చును. తరువాత రెండవ ప్రకటన వచ్చును. దానితో వాడుక హక్కు ప్రభుత్వమునకు, లేదా గొట్టము వేయు సంస్థకు సంక్రమించును. మొదటి ప్రకటన జరిగిన ఏడాదిలోగా రెండవది రానిచో మొదటిది చెల్లకపోవును. ఈ తేదీలు రెండును గ్రామ సచివాలయములో వ్రాసి ఉంచుట వి.ఆర్.ఓ. చేయదగిన మంచి పని.

ఈ రెండు ప్రకటనల నడుమనే రైతుకు పలుకుబడి గల కాలము ఉన్నది. మొదటి ప్రకటన తరువాత 21 రోజులలోగా ఆ భూమితో సంబంధము గల ఎవరైనను కాంపిటెంట్ అథారిటీ అను అధికారికి వ్రాతపూర్వకముగా అభ్యంతరము తెలుపవచ్చును. ఆయన వారిని స్వయముగా గాని, వకీలు ద్వారా గాని విని తీరవలెను. ఇట్టి ప్రకటనలలో గెజెట్ ప్రతులు ప్రజలకు అందుబాటులోనికి వచ్చిన నాటినుండి గడువు లెక్కింపబడునని సాధారణముగా వ్రాయుదురు. ఆ తేదీ ఏదో అడిగి తెలిసికొనుడు. నోరుమాటగా చెప్పి వచ్చిన అభ్యంతరమునకు విలువ లేదు. కాగితము మీద వ్రాసి, ఇచ్చినట్లు రసీదు పుచ్చుకొనవలెను.

అభ్యంతరములో ఏమి వ్రాయవలెను? "గొట్టము మాకు వద్దు" అని ఊరంతయు కలిసి సంతకములు చేసి పంపినచో ఫలితము అరుదు. పొరుగున తమిళనాడులో ఏమి జరిగినదో చూడుడు. కొచ్చినుండి బెంగుళూరు వైపు పోవు గొట్టమును పొలములలోనుండి గాక రహదారుల వెంట వేయవలెనని 2013లో ఆ రాష్ట్ర ప్రభుత్వమే పట్టుపట్టినది. 2016 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు ఆ వాదమును అంగీకరింపలేదు. రాష్ట్ర ప్రభుత్వమునకే సాధ్యము కానిది ఒక గ్రామమునకు సులభము కాదు. కాని చిన్న మార్పు కోరుట వేరు. మార్గము మీ బావిని తాకుచున్నదనియు, పది గజములు తూర్పునకు జరిపినచో గట్టు వెంట పోయి తోట మిగులుననియు కొలతలతో, పటముతో చూపుడు. ఇంకొకటి కలదు. ప్రకటనకు ముందే నివాసమునకు వాడుచున్న స్థలము, పక్కా కట్టడము గల స్థలము, ఇంటిని ఆనుకొనియున్న దొడ్డి, వీని క్రింద గొట్టము వేయరాదని 7వ సెక్షను చెప్పుచున్నది. మీటరు కంటె తక్కువ లోతున వేయుటయు కూడదు. ఇట్టి కారణమున్నచో దానినే ముందుగా వ్రాయవలెను.

వరి చేనుకు ఒక న్యాయము, కొబ్బరి తోటకు ఒక న్యాయము

గొట్టము వేసి పూడ్చిన తరువాత ఆ పట్టీలో ఇదివరకటివలె సేద్యము చేసికొనవచ్చును. కాని 9వ సెక్షను మూడు పనులను నిషేధించినది. ఇల్లు గాని మరియే కట్టడము గాని కట్టరాదు. చెరువు, బావి, జలాశయము తవ్వరాదు, ఆనకట్ట కట్టరాదు. చెట్టు నాటరాదు.

ఈ మూడు మాటలు చదువుటకు చిన్నవి. వరి రైతుకు వీనివలన పెద్ద నష్టము కనబడదు. ఒక పంట పోయినను మరుసటి సార్వాకు మరల నాట్లు వేసికొనును. అయితే రేపు ఆ చేనును చేపల చెరువుగానో, రొయ్యల చెరువుగానో మార్చుకొందమనుకొన్నచో అది కుదరదు. బోరు వేసికొందమన్నను ఆ పట్టీని విడిచి వేసికొనవలసినదే. పొలము అమ్మబోయినప్పుడు కొనువాడు ఈ సంగతులన్నియు అడుగును.

కొబ్బరి రైతు గతి వేరు. నరికిన చెట్టుకు బదులు ఆ చోట మరల మొక్క పెట్టుటకు వీలు లేదు. చెట్టు పోవుటయే గాక చెట్టు పెరుగు చోటు కూడ పోయినది. ఈ చట్టము వ్రాసినవారి కన్నులయెదుట ఏటేట దున్ని విత్తు చేలు ఉండెనే గాని తోటలు లేవని తోచును.

పరిహారము రెండు విధములు. చాలమంది రైతులు వీనిని ఒకటిగా కలిపి పొరబడుచున్నారు. మొదటిది, కొలతల సమయములోను, గొట్టము వేయునప్పుడును, తరువాత మరమ్మతులకు వచ్చినప్పుడును జరిగిన నష్టమునకు ఇచ్చునది. తొలగించిన చెట్లు, కోతకు రాకముందే పోయిన పైరు, పొలము కొంతకాలము రెండు ముక్కలగుట, ఇతర ఆస్తికి గాని ఆదాయమునకు గాని కలిగిన హాని ఇందులోనికి వచ్చును. రెండవది, వాడుక హక్కు ఇచ్చినందుకు, మొదటి ప్రకటన నాటికి ఆ పట్టీ భూమికి గల మార్కెటు విలువలో నూటికి 10 వంతున ఇచ్చునది.

ఒక లెక్క వేసి చూతము. ఒక తోటలో 20 సెంట్లు పట్టీలోనికి పోయినదనుకొందము. ఎకరము విలువ 20 లక్షలు అనుకొన్నచో ఆ 20 సెంట్ల విలువ 4 లక్షలు. అందులో పదోవంతు 40 వేల రూపాయలు. అదే 20 సెంట్లలో 8 మీటర్ల ఎడముతో నాటిన కొబ్బరిచెట్లు సుమారు 12 ఉండును. కాపునకు వచ్చిన పొడుగు రకపు చెట్టు దశాబ్దముల తరబడి కాయును. ఆ 12 చెట్ల రాబడి ముందు 40 వేలు ఏపాటివి? కావున తోట రైతుకు ప్రాణమంతయు మొదటి పరిహారములోనే ఉన్నది. ఒక్కొక్క చెట్టుకు వయస్సు, ఏటికి దింపులెన్ని, దింపుకు కాయలెన్ని, ఇంకెన్నేండ్లు కాయగలదు అను వివరములు వ్రాయించి, ఉద్యాన శాఖ అధికారిచే విలువ కట్టించి చూపవలెను. అంతరపంటగా కోకో, అరటి, పోక ఉన్నచో వానిని వేరుగా వ్రాయవలెను.

నూటికి 10 అను ఈ వంతు అన్యాయమని కొందరు రైతులు సుప్రీం కోర్టు వరకు వెళ్లిరి. 2016లో ఆ కోర్టు చట్టము చెల్లునని తీర్పు చెప్పినది. అయితే కాంపిటెంట్ అథారిటీగా నియమింపబడువాడు సబార్డినేట్ జడ్జికి తక్కువ కాని న్యాయాధికారి గాని, న్యాయశాస్త్రమున శిక్షణ పొందినవాడు గాని కావలెనని చెప్పినది. పరిహారము నిర్ణయించువాడు ఉభయులకు నమ్మదగినవాడై యుండవలెను గదా. ఆయన నిర్ణయించిన మొత్తము మీకు సమ్మతము కానిచో జిల్లా జడ్జికి దరఖాస్తు పెట్టుకొను హక్కు గలదు. ఉత్తరువు చేతికి అందిన వెంటనే వకీలును కలిసికొనుడు.

కౌలు రైతులు ఈ మాట ప్రత్యేకముగా గమనింపవలెను. భూమి యజమానికే గాక, ఆ భూమి అనుభవములో నష్టపడిన ఇతరులకు కూడ పరిహారము పొందు హక్కు చట్టములో ఉన్నది. పైరు మీదైనప్పుడు పైరు పరిహారము మీది. కౌలు పత్రము గాని, పంట నమోదు కాగితము గాని దగ్గర ఉంచుకొనుడు. గ్రామ వ్యవసాయ సహాయకుడు పంచనామా నాడు అక్కడ ఉండి సాగుదారు పేరు వ్రాయించినచో తరువాత వచ్చు తగవులు చాలవరకు తప్పును.

కందకము తవ్వునాడు

పంచనామా కాగితము చదువక సంతకము చేయకుడు. ఖాళీలు ఉన్న కాగితముపై అసలే చేయకుడు. పని మొదలుకాకముందు పట్టీ నలుమూలలనుండి ఛాయాచిత్రములు తీయించుడు. మట్టి నమూనాలు పై పొరనుండి ఒకటి, మూడు అడుగుల లోతునుండి ఒకటి తీసి పరీక్షకు పంపుడు.

ఈ మట్టి పరీక్ష అనవసరపు ఖర్చు అనుకొనవద్దు. సముద్రతీర మండలములలో పై పొర మంచిదైనను అడుగు మట్టిలో ఉప్పు ఉండుట కద్దు. కందకము తవ్వి అడుగు మట్టిని పైకి, పై మట్టిని అడుగునకు వేసి పూడ్చినచో ఆ పట్టీలో వరి కొన్ని పంటలవరకు ఎర్రబారి, దుబ్బు చేయక నిలుచును. కావున జానెడు లోతు పై మట్టిని ఒక ప్రక్కన, అడుగు మట్టిని మరియొక ప్రక్కన పోయించి, పూడ్చునప్పుడు అదే వరుసలో వేయించవలెను. పూడ్చిన మన్ను మొదటి వర్షములకు క్రుంగును. చేనిలో అక్కడ నీరు నిలిచి, మిగతా చోట నీరు అందదు. తెగిన గట్లు, బోదెలు, మురుగు కాలువలు పూర్వపు మట్టమునకు తెచ్చినట్లు చూచుకొనిన తరువాతనే పని ముగిసినదని వ్రాసి ఇవ్వవలెను. ఆ పిమ్మట మట్టిని మరల పరీక్షింపజేయుడు. రెండు ఫలితములను ప్రక్కప్రక్కన పెట్టి చూపినచో నష్టమును ఎవరును కాదనలేరు.

బావి తవ్వునప్పుడు చట్టము వేరు

గొట్టము సంగతి ఇట్లుండగా, గ్యాసు బావి తవ్వుట మరింత పెద్ద పని. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఒక బావి అదుపు తప్పి అంటుకొని 65 రోజులు మండినది. చుట్టుప్రక్కల గ్రామములవారు ఇండ్లు విడిచి పోవలసివచ్చినది. అందుచేత బావులకు పర్యావరణ అనుమతి తప్పనిసరి. 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర ప్రకటన ప్రకారము ఉత్పత్తి బావులకు ముందు స్థానికుల ఎదుట బహిరంగ విచారణ జరుగును. గ్యాసు ఉన్నదా లేదా అని చూచు అన్వేషణ బావులకు మాత్రము 2020 జనవరి సవరణతో ఈ విచారణ లేకుండ పోయినది. ఇది గ్రామములకు మేలు చేసిన మార్పు అనజాలము. ఏలననగా అపాయము అన్వేషణలోను ఉన్నదే.

విచారణకు కనీసము 30 రోజుల ముందు కాలుష్య నియంత్రణ మండలి పత్రికలలో ప్రకటింపవలెను. నివేదిక సారాంశము తెలుగులో కూడ కలెక్టరు కచేరిలోను, స్థానిక సంస్థల కార్యాలయములలోను చూచుటకు లభించును. పంచాయతి కార్యదర్శి దానిని తెప్పించి చదివి వినిపించినచో చాలును. తవ్వకపు బురదను ఎక్కడ పోయుదురు, దాని గోతికి నీరు ఇంకని పొర వేయుదురా, వ్యర్థ జలము ఏ కాలువలోనికి పోవును అని మీరు అడిగిన ప్రశ్నలు విచారణ నివేదికలోనికి ఎక్కవలెను.

అనుమతి మంజూరైన తరువాత అందులో లోపమున్నచో 30 రోజులలోగా చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ శాఖకు అప్పీలు చేయవచ్చును. తగిన కారణము చూపినచో ఇంకొక 60 రోజులు ఇత్తురు. కాలుష్యము వలన పంటకో, నీటికో నష్టము కలిగినచో పరిహారమునకై ఐదేండ్లలోగా అదే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చును. ప్రమాదమైనప్పుడు తప్పు ఎవరిదో రైతు రుజువు చేయవలసిన అవసరము లేదు.

గ్యాసు కారుచున్న గుర్తులు

2014 జూన్ 27 తెల్లవారుజామున, అప్పటి తూర్పు గోదావరి జిల్లా నగరము గ్రామములో గ్యాసు గొట్టము పగిలి అంటుకొని 20 మందికి పైగా మరణించిరి. పొడి గ్యాసుకై వేసిన గొట్టములో తేమతో కూడిన గ్యాసు పోవుటచే లోపల తుప్పు పట్టినదని విచారణలో తేలినది. తుప్పు పైకి కనబడదు. కాని కారుచున్న గ్యాసు కొన్ని గుర్తులు చూపును. చుట్టును పచ్చగా ఉండగా గొట్టము పోవు వరుసలో మాత్రము గడ్డి గాని పైరు గాని పసుపుబారి ఎండును. నిలిచిన నీటిలో బుడగలు వచ్చును. బుసకొట్టు చప్పుడు వినబడును. వాసన కొరకు చూడకుడు. సహజ వాయువునకు స్వతస్సిద్ధముగా వాసన లేదు.

అట్టి గుర్తు కనబడినచో బీడి, పొయ్యి, మోటారు, ట్రాక్టరు ఏదియు వెలిగింపవద్దు, నడుపవద్దు. గాలి వీచు దిక్కునకు ఎదురుగా దూరముగా నడిచిపోయి, అక్కడినుండి ఫోను చేయవలెను. గొట్టము దారి పొడుగున పాతిన గుర్తు స్తంభములపై సంస్థవారి ఫోను నెంబరు వ్రాసియుండును. దానిని ఇప్పుడే ఇంటి గోడపై వ్రాసి ఉంచుకొనుడు. అది దొరకనిచో 112కు గాని, అగ్నిమాపక దళము వారి 101కి గాని చెప్పి, గ్రామము పేరుతో పాటు సర్వే నెంబరు కూడ తెలుపుడు.