నైట్రస్ పట్టే ముందు

సౌజన్యా,

పిల్లల పళ్ల వైద్యానికి క్లినిక్‌లో నైట్రస్ ఆక్సైడ్ మెషిన్ పెట్టించానని రాశావు. సంతోషం తల్లీ. 1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో హొరేస్ వెల్స్ అనే పళ్ల డాక్టరు ఈ వాయువు పీల్చి తన పన్నే పీకించుకున్నాడు. మన వృత్తివాడు నిలబెట్టిన మత్తు కదా, దాన్ని పద్ధతిగా వాడే బాధ్యత మనకు ఇంకాస్త ఎక్కువే.

పొద్దున్నే ముందు సిలిండర్లు చూడు. మన దగ్గర నైట్రస్‌ది నీలం. ఆక్సిజన్‌ది నలుపు, పైన తెలుపు. రంగుతో సరిపెట్టుకోకుండా లేబుల్ చదువు. నైట్రస్ గేజిని నమ్మకు. సిలిండర్‌లో అది ద్రవంగా ఉంటుంది, ఆ ద్రవం అయిపోయేదాకా ముల్లు పెద్దగా కదలదు, ఆపైన గబగబా పడిపోతుంది. ఎంత మిగిలిందో తూకమే చెప్పాలి. ఆక్సిజన్ ముల్లు అలా కాదు, వాడినకొద్దీ దిగుతుంది.

ఆక్సిజన్ 30 శాతం కంటే తగ్గకుండా మెషినే ఆపుతుందని కంపెనీవాళ్లు చెప్పే ఉంటారు. నిజమే. కానీ పైపులు తారుమారైతే ఆ ఏర్పాటు కనిపెట్టలేదు. అందుకే పల్స్ ఆక్సీమీటర్ వేలికి పెట్టకుండా ఏ బిడ్డకూ మొదలుపెట్టవద్దు.

జలుబుతో ముక్కు మూసుకుపోయిన బిడ్డను మరో రోజు రమ్మను. ఈమధ్య చెవికో కంటికో ఆపరేషన్ అయిందా, బి12 లోపం ఉందా అని అడుగు. ఈ వాయువు ఒంట్లోని బి12ను పనిచేయనివ్వదు. పాలు కూడా అంతంతమాత్రంగా తాగే శాకాహారుల ఇళ్లలో ఈ ప్రశ్న మరవకు.

ముందు వట్టి ఆక్సిజన్ ఇచ్చి, నైట్రస్‌ను కొద్దికొద్దిగా పెంచు. చాలామందికి 30 నుంచి 50 శాతం లోపే చాలు. కుర్చీ చేతిని బిగించి పట్టుకున్న వేళ్లు మెల్లగా విడతాయి, భుజాలు వాలతాయి, మాట నెమ్మదిస్తుంది. అక్కడ ఆగు. పేరు పెట్టి పిలిస్తే పలకాలి. పలకకపోయినా, వికారంగా ఉందన్నా వెంటనే తగ్గించు. పని అయ్యాక కనీసం ఐదు నిమిషాలు ఆక్సిజన్ ఒక్కటే పట్టి, బిడ్డ తేరుకుని మామూలుగా మాట్లాడాకే కుర్చీ దింపు.

ఇక నీ దగ్గర పనిచేసే అమ్మాయిల సంగతి. బిడ్డ ఒక్కసారి పీల్చి వెళ్లిపోతుంది, వాళ్లు రోజంతా ఆ గదిలోనే ఉంటారు. అమెరికాలోని నియోష్ సంస్థ గది గాలిలో ఇది 25 పీపీఎం దాటకూడదంది. గర్భం దాల్చిన తొలి నెలల్లో ఎవరినీ ఆ గదిలో ఉంచకు. బిడ్డ వదిలిన గాలిని లాగే గొట్టం ఎక్కడ తేలుతోందో చూసి నాకు ఫోన్ చెయ్యి. పక్క గది కిటికీ కిందైతే మేస్త్రీని పిలిపించి మేడ పైకి వేయించు.

నీ పెద్దమ్మ