రక్తపిశాచి వేషం ఎక్కడిది?

అక్టోబరు 31 రాత్రి అమెరికాలోనూ, ఐర్లండు, ఇంగ్లండు వంటి దేశాలలోనూ హాలోవీన్ పండుగ జరుపుకుంటారు. పిల్లలు దయ్యాల వేషాలు వేసుకుని ఇంటింటికీ వెళ్లి మిఠాయిలు అడుగుతారు. అక్కడ ఉంటున్న మన తెలుగువాళ్ల పిల్లలకూ ఇది సరదా అయిన పండుగే. ఆ వేషాలలో బాగా పేరుపడ్డది వాంపైర్, అంటే రక్తపిశాచి. సున్నం కొట్టినట్టు తెల్లటి ముఖం, నోటి చివర నుంచి కారుతున్న నెత్తురు, పొడవాటి గోళ్లు, భుజాల మీద నల్లటి అంగీ!

ఇదంతా సినిమావాళ్ల కల్పన అనుకుంటాం. అంగీ వరకూ కల్పన అన్నది నిజమే, కానీ అది నాటకాలవాళ్లది. తెల్లటి ముఖం, నెత్తుటి నోరు, గోళ్లు మాత్రం సినిమాల కంటే చాలా పాతవి. గోరీలు తవ్వినవాళ్లు వాటిని కళ్లారా చూశారు.

1725లో ఉత్తర సెర్బియా ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. అక్కడ కిసిల్యెవో అనే పల్లెలో పేటర్ బ్లగొయెవిచ్ అనే అతను చనిపోయాడు. తరువాత ఎనిమిది రోజులలో ఆ ఊళ్లోనే తొమ్మిది మంది చనిపోయారు. ఒక్కొక్కరు జబ్బుపడిన ఇరవై నాలుగు గంటలలోనే పోయారు. పేటర్ రాత్రివేళ వచ్చి తమ గొంతు పిసికాడని వాళ్లలో కొందరు చెప్పారట. ఊరంతా హడలిపోయింది. గోరీ తవ్వి చూద్దామని ప్రభుత్వాధికారిని పిలిచారు. ఆయన ఒప్పుకోకపోతే ఊరు విడిచి పోతామన్నారు. ఆ అధికారి రాసి పంపిన నివేదిక అదే ఏడాది వియన్నా పత్రికలో అచ్చయింది. పాతిపెట్టి పది వారాలైనా శవం చెడలేదు. పాత చర్మం ఊడి, కింద కొత్త చర్మం కనబడింది. కొత్త గోళ్లు వచ్చాయి. గడ్డం పెరిగింది. నోట్లో తాజా నెత్తురు ఉంది! జనం గుండెలో మేకు దించితే చెవుల నుంచీ నోటి నుంచీ నెత్తురు కారింది. చివరకు శవాన్ని కాల్చేశారు.

ఈ అధికారి అబద్ధాలకోరు కాదు. ఆయన రాసిన ప్రతి గుర్తుకూ నేటి శవపరీక్ష వైద్యులు కారణం చెప్పగలరు. ఒక్కొక్కటే చూద్దాం.

మనిషి చనిపోగానే గుండె ఆగిపోతుంది. నెట్టే శక్తి లేకపోవడంతో రక్తం భూమ్యాకర్షణ వల్ల శరీరం అడుగు భాగానికి దిగుతుంది. వెల్లకిలా పడుకోబెట్టిన శవానికి వీపు ఊదారంగుకు తిరుగుతుంది, ముఖం పాలిపోతుంది. తెల్లటి ముఖానికి మూలం ఇదే.

మన పేగులలో కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. బతికి ఉన్నంతకాలం శరీరం వాటిని అదుపులో ఉంచుతుంది. చనిపోయాక అవి శరీరాన్నే తినడం మొదలుపెడతాయి. మీథేను, హైడ్రోజన్ సల్ఫైడు, అమ్మోనియా వంటి వాయువులు పుట్టి పొట్ట ఉబ్బుతుంది. బక్కచిక్కిన మనిషి కూడా బాగా తిని బలిసినట్టు కనబడతాడు. ఈ వాయువుల ఒత్తిడి ఊపిరితిత్తుల మీద పడి, అక్కడ చేరిన ముదురు ఎరుపు ద్రవాన్ని నోటిలోంచి, ముక్కులోంచి బయటికి తోస్తుంది. చూసేవారికి అది నెత్తుటిలాగే ఉంటుంది. పైగా చనిపోయాక గడ్డకట్టిన రక్తం ఒక్కొక్కసారి మళ్లీ పలచబడుతుంది కూడా. ఇక అలా ఉబ్బిన ఛాతీలో మేకు దించితే ఏమవుతుందో మీరే ఊహించండి. లోపలి వాయువు గొంతులోని స్వరతంత్రుల మీదుగా తోసుకు వస్తుంది. మూలిగినట్టు శబ్దం వస్తుంది. పక్కన నిలబడ్డవాడికి గుండె ఆగినంత పనయితే వాణ్ణి తప్పుపట్టలేం.

గోళ్ల సంగతి ఇంకా చిత్రం. చనిపోయాక గోళ్లు, వెంట్రుకలు పెరగవు. పెరగాలంటే కొత్త కణాలు పుట్టాలి, దానికి ప్రాణవాయువు కావాలి. చర్మం ఎండి వెనక్కి ముడుచుకుంటుంది కనుక అవి పొడవైనట్టు కనబడతాయి. కొన్నాళ్లకు పైచర్మం పొరలాగా ఊడి, దానితో పాత గోళ్లు కూడా రాలిపోతాయి. కింద ఎర్రగా, నున్నగా ఉన్న భాగమే కొత్త చర్మం, కొత్త గోరు అనిపిస్తుంది.

మరి పది వారాలైనా కుళ్లలేదేం? ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. పంతొమ్మిదవ శతాబ్దంలో బెర్లిన్‌లో కాస్పర్ అనే వైద్యుడు ఒక సూత్రం చెప్పాడు: గాలిలో ఒక వారంలో జరిగే కుళ్లు నీటిలో రెండు వారాలు, మట్టిలో ఎనిమిది వారాలు పడుతుంది. ఇది ఉజ్జాయింపు మాత్రమే. వేడి, చలి, తేమలను బట్టి మారుతుంది. పది వారాలను ఎనిమిదితో భాగిస్తే ఒకటింబావు, అంటే సుమారు తొమ్మిది రోజులు. ఉబ్బడం, చర్మం ఊడడం జరిగే దశ సరిగ్గా అదే! శవం కుళ్లుతూనే ఉంది. ఊరివాళ్లు ఎదురుచూసినది ఎముకలను, కనబడినది మధ్య దశను.

1731-32 చలికాలంలో మెద్వెజా అనే మరో సెర్బియా పల్లెలో ఇలాంటి గగ్గోలే పుట్టింది. ఫ్లూకింగర్ అనే సైనిక వైద్యుడు గోరీలు తవ్వించి రాసిన నివేదిక ఐరోపా అంతటా పాకింది. 1755లో ఆస్ట్రియా రాణి మరియా తెరెసా తన ఆస్థాన వైద్యుడు వాన్ స్వీటెన్ సలహా అడిగింది. శవం ఆలస్యంగా కుళ్లడంలో వింత ఏమీ లేదని ఆయన రాశాడు. శవాలను తవ్వడం, కాల్చడం ఇక కూడదని రాణి శాసించింది.

ఇంతవరకు శవం సంగతి. ఒకరి వెనక ఒకరుగా ఇంటిల్లిపాదీ చనిపోవడం మాటేమిటి? అసలు భయం అక్కడే ఉంది. అంటువ్యాధి అనే భావన లేని చోట, మొదట పోయినవాడే తక్కినవారిని తీసుకుపోతున్నాడని అనిపించడం సహజం. అమెరికాలోని రోడ్ ఐలండు రాష్ట్రంలో ఎక్సెటర్ అనే ఊరిలో బ్రౌన్ కుటుంబానికి జరిగింది ఇదే. 1883లో తల్లి, 1884లో పెద్ద కూతురు క్షయతో పోయారు. 1892 జనవరిలో పందొమ్మిదేళ్ల మెర్సీ పోయింది. ఆమె అన్న ఎడ్విన్ కూడా అదే జబ్బుతో మంచాన ఉన్నాడు. మార్చి 17న ఊరివాళ్లు మూడు శవాలనూ చూశారు. తల్లి, అక్క చాలావరకు ఎముకలే. మెర్సీ శరీరం మాత్రం చెడలేదు. గుండెలో రక్తం ఉంది. పోయి రెండు నెలలే అయింది, అదీ గడ్డకట్టే చలిలో, భూమిపైన కట్టిన రాతిగదిలో ఉంచారు మరి! ఊపిరితిత్తులలో క్షయ గుర్తులున్నాయని అక్కడి వైద్యుడు చెప్పినా ఎవరూ వినలేదు. ఆమె గుండెను కాల్చి, ఆ బూడిదను కలిపి ఎడ్విన్ చేత తాగించారు. మే 2న అతను చనిపోయాడు. క్షయను కలిగించే సూక్ష్మజీవిని రాబర్ట్ కాక్ జర్మనీలో ప్రకటించి అప్పటికి పదేళ్లయింది.

మళ్లీ వేషానికి వద్దాం. బ్రామ్ స్టోకర్ రాసిన డ్రాకులా నవల 1897లో వచ్చింది. అందులో డ్రాకులా పగలు కూడా తిరుగుతాడు. ఎండ తగిలితే రక్తపిశాచి చస్తుందన్నది 1922లో వచ్చిన నోస్ఫెరాటు అనే మూకీచిత్రం తెచ్చినది. నిలువు కాలరున్న అంగీ నాటకరంగం నుంచి వచ్చింది. వేదికలోని రహస్యద్వారం గుండా నటుడు జారుకునేటప్పుడు తల కనబడకుండా ఆ కాలరు అడ్డం. 1931 చిత్రంలో బేలా లుగోసికి కోరపళ్లే లేవు! నెత్తురు తాగే గబ్బిలాలు మధ్య, దక్షిణ అమెరికాలలోనే ఉన్నాయి కనుక సెర్బియా కథకు వాటితో సంబంధం లేదు. కథను చూసి గబ్బిలానికి పేరు పెట్టారు. మన భేతాళుడికి కూడా ఈ పేరు తగిలించాడు రిచర్డ్ బర్టన్, 1870లో విక్రమార్కుడి కథలను ఇంగ్లీషులో రాస్తూ. చెట్టున వేలాడుతూ చిక్కుప్రశ్నలు వేసేవాడు నెత్తురు ఎప్పుడు తాగాడో ఆయనకే తెలియాలి.

బడి నాటకానికి నెత్తురు కావలిస్తే అరకప్పు నీళ్లలో కప్పు పంచదార వేసి పెద్దవారి సాయంతో పాకం పట్టి చల్లార్చండి. రక్తం నీటికంటే మూడు నాలుగు రెట్లు చిక్కన కనుక పాకం ముదరనివ్వకండి. మిఠాయిలలో వేసే ఎర్ర రంగు రెండు మూడు చుక్కలు, చిటికెడు కోకో పొడి కలపండి. కోకో ఎందుకంటే, సిరల్లోని రక్తంలో ప్రాణవాయువు తక్కువ. అది ముదురుగా ఉంటుంది. ఉత్త ఎర్ర రంగు షర్బత్తులా కనబడుతుంది. నలుపు తెలుపు చిత్రాలకు ఈ బాధ లేదు: 1960లో హిచ్‌కాక్ తీసిన సైకోలో నెత్తురు చాక్లెట్ పాకమే. ముఖానికి బియ్యప్పిండి పూసినా చాలు. కళ్లు ఎర్రగా కనబడాలని అంగడిలో దొరికే రంగు కటకాలు మాత్రం పెట్టుకోవద్దు. వాటివల్ల నల్లగుడ్డు మీది పొరకు పుండు పడవచ్చు. పాకం మరక బట్టలకు పట్టకముందే చన్నీళ్లలో నానవేయండి.