పొగ – నిప్పు – కన్ను



తర్కశాస్త్రం చదువబోయే బాలునికి గురువు చెప్పే మొదటి ఉదాహరణ కొండమీది పొగ. కొండపై పొగ కనబడితే అక్కడ నిప్పు ఉన్నదని ఊహించాలి. ఈ పాఠాన్ని ముప్పై యేండ్లకు పైగా శిష్యులకు చెప్పాను. పాఠం ముగిసిన పిమ్మట గోడచాటుకు పోయి సిగరెట్టు వెలిగించేవాడిని. ఆ పొగ నాలో ఏ నిప్పును పెంచుతున్నదో 67వ యేట గాని తెలుసుకోలేకపోయాను.

ఆ యేడు ఒళ్లు చిక్కింది, గుండె దడదడలాడేది, చేతులు వణికేవి, చెమట ఆగేది కాదు. మా విడపనకల్లు ఎండలు ఎరిగినవారు ఎవరైనా వేసవినే నిందిస్తారు. నేనూ అదే చేశాను. కళ్లు ఎర్రబడి, ఇసుక పడినట్లు గరగరలాడి నీరు కారితే నల్లరేగడి దుమ్మని సరిపెట్టుకొన్నాను. క్రమంగా కనుగ్రుడ్లు ముందుకు వచ్చాయి, రెప్పలు పైకి లాగినట్లయినాయి. పెన్న అహోబిలంలో స్వామి దర్శనానికి వెళ్లినపుడు ఒక పసివాడు నన్ను చూచి, "తాతా, నువ్వూ నరసింహస్వామి మాదిరి చూస్తున్నావే!" అన్నాడు. అందరూ నవ్వారు. ఇంటిలో దిష్టి తీశారు. ఒకనాటి ఉదయం పంచాంగం తెరిస్తే ప్రతి పంక్తీ రెండుగా కనబడింది. అక్షరమే జీవికయైన నాకు అప్పుడు భయం కలిగింది.

బళ్లారిలో వైద్యుని చూచాను. రక్తపరీక్షలో థైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేస్తున్నదని తేలింది. 1835లో ఐర్లండు వైద్యుడు రాబర్టు గ్రేవ్స్ వర్ణించిన వ్యాధి ఇది. శత్రువుల నుండి శరీరాన్ని కాపాడవలసిన రక్షణశక్తి పొరపాటుపడి స్వంత గ్రంథిపైనే తిరుగబడుతుంది. కొందరిలో కంటి వెనుకనున్న కొవ్వును, కండరాలను కూడా వాపెక్కిస్తుంది. చుట్టూ ఎముక ఉన్నందున వాపుకు చోటు చాలక కన్ను ముందుకు నెట్టబడుతుంది. కండరాలు బిగిసి ఒకటి రెండుగా కనబడుతుంది.

తరువాత ఆయన అడిగిన మొదటి మాట, "పొగ త్రాగుతారా, స్వామీ?" నేను తల వంచుకొన్నాను.

పొగ త్రాగనివారికీ ఈ వ్యాధి వస్తుంది, స్త్రీలకు మరింత ఎక్కువగా వస్తుంది. అయితే పొగ త్రాగేవారికి కంటిబాధ వచ్చే అవకాశం అధికం, వచ్చినపుడు తీవ్రతా అధికం. రోజుకు ఎన్ని ఎక్కువ త్రాగితే కీడు అంత ఎక్కువ. వాపు తగ్గించే స్టిరాయిడ్ మందులు కూడా వారికి అంతగా పట్టవు. థైరాయిడ్‌కు ఇచ్చే రేడియో అయొడిన్ చికిత్స తరువాత కళ్లు మరింత చెడే ప్రమాదమూ వారికే హెచ్చు. వంశం, వయస్సు మన చేతిలో లేవు. ఈ ఒక్కటి మాత్రం రోగి చేతిలోనే ఉన్నది.

బెంగళూరులో ఉద్యోగం చేసే మనుమడు నాకు సాయపడదలచి వేప్ అనే పరికరం తెచ్చాడు. "తాతా, ఇందులో పొగ లేదు, ఆవిరే" అన్నాడు. "నాయనా, పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. పొగ లేనిచోట నిప్పు లేదని తర్కం చెప్పదు. కాలిన ఇనుపగుండుకు పొగ ఉండదు, ముట్టుకొంటే కాలుతుంది" అన్నాను. సాధారణంగా వాటిలో ఉండేదీ ఆ నికోటినే. కంటికి అది క్షేమమని ఎవరూ నిరూపించలేదు. పైగా మన దేశంలో 2019లోనే వాటి అమ్మకాన్ని చట్టం నిషేధించింది. వాడు దానిని తిరిగి సంచిలో పెట్టుకొన్నాడు. తానూ వాడుతున్నానని ఆ రాత్రి ఒప్పుకొన్నాడు. ఇద్దరం కలిసి మానాలని నిశ్చయించుకొన్నాం.

మొదటి మూడు దినాలు కఠినం. చిరాకు, నిద్రలేమి, తలనొప్పి కలిగాయి. కోరిక అలవలె లేచి కొన్ని నిమిషాలలో తగ్గుతుందని వైద్యుడు ముందే చెప్పాడు. ఆ నిమిషాలలో మంచినీరు త్రాగి, నోట సోపు వేసుకొని, వీధి చివరి వరకు నడిచేవాడిని. కాఫీ తరువాతి సిగరెట్టే బలమైనది కనుక కొంతకాలం కాఫీనే మానాను. తొమ్మిదవ నాడు ఒకటి వెలిగించాను. దాచకుండా మనుమనికి ఫోనులో చెప్పి మరునాడు తిరిగి ఆరంభించాను. ఒకసారి తప్పినంత మాత్రాన వ్రతం ముగిసిపోదు. తోడు కావలసినవారు ప్రభుత్వపు ఉచిత సహాయవాణి 1800-11-2356కు ఫోను చేయవచ్చు. నికోటిన్ చూయింగ్ గమ్ము వంటివి వైద్యుని అడిగి వాడాలి. పొగ మాని గుట్కా పట్టడం మానడం కాదు.

నా కళ్లు పూర్వపు రూపానికి రాలేదు. వాపు నిలిచింది, ప్రత్యేకపు అద్దాలతో పంక్తి ఒక్కటిగా కనబడుతున్నది. మళ్లీ పాఠం చెబుతున్నాను. ఈ వ్యాధి ఉన్నవారు థైరాయిడ్ మాత్రలను స్వంతంగా ఆపరాదు. రంగులు వెలిసినట్లు కనబడినా, చూపు తగ్గినా, రెప్పలు మూతపడకపోయినా ఆనాడే కంటి వైద్యుని చూడాలి. ఇంటిలో ఇతరులు విడిచే పొగ కూడా ఆ కళ్లకు మంచిది కాదు.

స్వామికి తలనీలాలు సమర్పించే భక్తులు జేబులోని పెట్టెను కూడా అక్కడే విడిచి రావాలని నా విన్నపం. మొక్కుకొన్న సంగతి ఇంటిలో ఒకరికైనా చెప్పండి. నాకు మనుమడు తోడుగా నిలిచినట్లు, మీకూ ఒకరు నిలుస్తారు.

స్వస్తి.